అడిగేదాకా చెయ్యి వెయ్యొద్దు

పక్కింటి ఆంటీ పోయారు. ఆవిడ కూతురు ఫెన్సు అవతల నిలబడి ఆ మాట చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నేను చెత్త డబ్బా రోడ్డు మీదకు లాగుతున్నవాణ్ణి అలాగే ఆగిపోయాను. "అయ్యో" అన్నాను. ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఎందుకో చెప్పకుండా ఆవిడ గురించి మంచి మాటలు మాత్రమే రాస్తే, అది ఇంకో సన్మానం అవుతుంది.

ఆవిడ తెలుగావిడ కాదు, ఇక్కడి మనిషే. మేం పామర్‌స్టన్ నార్త్‌లో ఇల్లు తీసుకున్న కొత్తలో మా గుమ్మంలో నిమ్మకాయల సంచి పెట్టి, బెల్లు కూడా కొట్టకుండా వెళ్ళిపోయేవారు. పేరు పెట్టి పిలవమన్నారు. మనకు నోరు రాదు కదా, ఆంటీ అన్నాం. ఇక్కడి మూలవాసులు మావోరీల పిల్లలూ పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు కాబట్టి ఆవిడకు కొత్తగా అనిపించలేదు.

సైన్యంలో లారీ నడిపేవారు. పరాయి దేశంలో బాంబు పేలి కుడి కాలు మోకాలి కింద పోయింది. పక్క సీట్లో ఉన్నతను బతకలేదు. తిరిగొచ్చాక ఆవిడ మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. నా కారు ఎక్కినా వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకునేవారు.

ఊరికి కాస్త దూరంలో రేసు ట్రాకు ఉంది. సైన్యంలో దెబ్బలు తిని వచ్చినవాళ్ళు కొందరు శనివారాలు అక్కడ చేరి ఒక పాత కారును విప్పుతారు, బిగిస్తారు, వంతులేసుకుని నడుపుతారు. యాక్సిలరేటరూ బ్రేకూ చేత్తో నొక్కేలా మార్చిన కారు అది. ఒక ముసలి మెకానిక్కు వాళ్ళకు పెద్ద. ఆంటీని మొదట అక్కడ దింపింది నేనే. చాలా శనివారాలు ఊరికే నట్లు విప్పే పానాలు అందించారు. ఒకరోజు ఎక్కారు. మలుపు తప్పుగా తీసుకున్నారని మెకానిక్కు అందరి ముందూ దులిపేశాడు. ఇంటికి వచ్చేటప్పుడు ఆవిడ ముందు సీట్లో కూర్చున్నారు, దారంతా నవ్వుతూనే ఉన్నారు.

"కాలు పోయాక నన్ను తిట్టిన మొదటి మనిషి వాడే. మిగతా అందరూ జాలిపడ్డారు" అన్నారు.

అక్కడ ఉన్నది ఒకటే నియమం. అడిగేదాకా చెయ్యి వెయ్యొద్దు. చేతులు వణికే మనిషి ఒక్క నట్టు బిగించడానికి ఎంతసేపు తీసుకున్నా, మిగతావాళ్ళు టీ తాగుతూ ఎదురుచూడాల్సిందే. నాకది రాతిగుండె వ్యవహారంలా కనిపించేది. పెద్దవాళ్ళ చేతిలో సంచి కనిపిస్తే లాక్కుని మోసే జాతి మనది.

ఇక మా తెలుగు సంఘం. ఎవరికో ఒకరికి సన్మానం చెయ్యనిదే మాకు పండగ పూర్తికాదు. ఇండియా వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ శాలువాలు తెస్తారు, అవి ఎవరో ఒకరి భుజం మీద పడాలి కదా. ఆ ఉగాదికి ఆంటీని సన్మానిద్దామన్నది నా తెలివే. ఆవిడ వద్దన్నారు. "శనివారం కారు తోలుకుంటున్నాను, దానికి సన్మానం దేనికి?" అన్నారు. వద్దంటే మొహమాటం, మళ్ళీ అడగాలి అన్నది మన మర్యాద. మళ్ళీ మళ్ళీ అడిగాను. నా మొహం చూసి ఒప్పుకున్నారు.

స్కూలు హాల్లో స్టేజీకి పక్కన మెట్లున్నాయి. కమ్మీ పట్టుకుని ఆవిడ తన పద్ధతిలో, ఒక్కో మెట్టు మీద ఆగి, ఎక్కుతున్నారు. మైకు నా చేతిలో ఉంది. హాలంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను.

"అరే, ఎవరన్న సాయం పట్టండి తమ్మీ!" అన్నాను మైకులో.

ఇద్దరు కుర్రాళ్ళు పరుగున వచ్చి చెరో చంక కిందా చేతులేసి ఆవిడను ఎత్తి స్టేజీ మీద పెట్టారు. పెట్టుడు కాలికున్న బూటు ఊడి మెట్టు మీదే ఉండిపోయింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. నేను శాలువా కప్పాను, వీరవనిత అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆవిడ తలవంచుకుని చేతులు జోడించారు. అందరూ వినయం అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ వెనక సీట్లో కూర్చున్నారు. ఇల్లు చేరేదాకా ఒక్క మాటే అన్నారు. "నేను ఎక్కుతూనే ఉన్నాను కదా."

ఇంట్లో మా ఆవిడ చేతిలో అయింది నాకు. ఆమె హాస్పిటల్లో నర్సు. "గట్ల ఎత్తుకపోతరా మనిషిని? ఎత్తుమని ఆమె అడిగిందా? బియ్యం బస్తా అనుకున్నవా?" అంది.

ఆ తర్వాత ఆంటీ ట్రాకుకు రావడం మానేశారు. శనివారం వస్తే వాళ్ళ కర్టెన్లు మూసే ఉండేవి. ఎన్నో ఏళ్ళకు ఆవిడ చేతికి వచ్చిన స్టీరింగును నేను ఒక్క పూటలో ఊడబెరికాను. నిమ్మకాయలు మాత్రం గుమ్మంలో అలాగే వచ్చేవి. అవి చూస్తే తల కొట్టేసినట్టుండేది. చివరికి తెగించి వెళ్ళి తలుపు కొట్టి, తప్పయిపోయిందన్నాను.

"శనివారం నన్ను ట్రాకుకు తీసుకెళ్ళు. నేను రేసు కారు ఎక్కేటప్పుడు చేతులు జేబుల్లో పెట్టుకుని నా ఎదురుగా నిలబడు. మొహం తిప్పుకోకూడదు" అన్నారు.

నిలబడ్డాను. ఆవిడ కారు లోపలి కమ్మీ పట్టుకుని, కాలు మెలితిప్పి, జారి, మళ్ళీ పట్టుకుని, బూతులు తిట్టుకుంటూ ఎక్కారు. జేబుల్లో నా పిడికిళ్ళకు చెమటలు పట్టాయి. ఎక్కాక సంచిలోంచి ఆ శాలువా తీసి మడతపెట్టి నడుం వెనక పెట్టుకున్నారు. "సరిగ్గా సరిపోయింది. మీవాళ్ళకు థాంక్స్ చెప్పు" అన్నారు. అప్పటినుంచి ప్రతి శనివారం నా చేతులు జేబుల్లోనే ఉండేవి. ఆవిడ నన్ను ఏనాడో క్షమించారు. దానివల్ల నా సిగ్గు తగ్గలేదు, పెరిగింది.

అంత్యక్రియల నాడు కూడా అలవాటుగా చేతులు జేబుల్లో పెట్టుకుని హాల్లో చివర నిలబడ్డాను. కూతురు వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"శవపేటిక ముందువైపు కుడి మూల నువ్వే పట్టుకోవాలని అమ్మ ఎప్పుడో చెప్పి ఉంచింది. మెట్ల దగ్గర తొందరపడొద్దని కూడా చెప్పమంది."

జేబుల్లోంచి చేతులు తీశాను. ఆవిడ అడిగారు కదా.

ఒక్కో మెట్టు మీద ఆగుతూ దిగాం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. కింద ట్రాకువాళ్ళు ఆ పాత కారును తెచ్చి నిలిపారు, డ్రైవరు వైపు తలుపు తీసి ఉంది. సీట్లో గ్రీజు మరకల శాలువా, ఆవిడ నడుం ఒత్తిన చోట ఇంకా గుంటపడే ఉంది.