మిల్లు బొమ్మకు సన్న ఫ్రేము

2019 వేసవి. అనంతపురంలో పటాలు కట్టే మా కొట్టుకు శేఖర్ ఒక పెద్ద బొమ్మను ఆటోలో తెచ్చాడు. వాళ్ల తాత నడిపిన చెనిక్కాయల మిల్లు, వానల్లేక వేరుశనగ పంట తగ్గి మూతపడింది. ఆ షెడ్డునే ఫంక్షన్ హాలుగా మారుస్తున్నాడు. బోర్డులు రాసే పెయింటర్ ఒకాయన మిల్లు నడిచే రోజుల్లో లోపలే కూర్చుని గుడ్డ మీద వేసిన బొమ్మ అది. నడుమ యంత్రం, చుట్టూ దుమ్ములో కూలీలు, కుడి అంచున గొడుగుతో తాత, ఎడమ అంచున మూట ఎత్తి కాయలు పోస్తున్న మనిషి.

బొమ్మకు ఒక చివర పట్టుకుని దిగిన ముసలామె లింగమ్మ. ఆ మిల్లులోనే కాయలు చెరిగేది.

హాలు గోడలో ఈ బొమ్మ పెట్టే గూడు వెడల్పు యాభై ఆరు అంగుళాలు. బొమ్మ యాభై నాలుగు. శేఖర్ ఎంచుకున్న బంగారు రంగు మౌల్డింగ్, అంటే ఫ్రేముకు వాడే చెక్కపట్టీ, నాలుగు అంగుళాలుంది. రెండు పక్కలా వేస్తే, బొమ్మ మీదికి వచ్చే అర అంగుళం పోను, గూటికి అయిదున్నర అంగుళాలు ఎక్కువవుతుంది.

“దానికేముంది పెద్దమ్మా, ఎడమ పక్క గుడ్డ ఎనక్కి మడిచెయ్” అన్నాడు శేఖర్ నాతో.

లింగమ్మ బొమ్మకు అడ్డం నిలబడింది. “ఆడ మా ఆయప్ప ఉండాడు శేఖరప్పా. ఆయప్పది ఇంగొక ఫోటో లేదు నాకు.” కాయలు పోస్తున్న మనిషి ఆమె మొగుడు.

“రేషన్ కార్డులో లేదా?” అన్నాడు శేఖర్.

“కార్డుకు ఫోటో తీసే లోపలే పోయినాడు.”

“అయితే కుడి పక్క మడుద్దాం” అన్నాను.

“ఏం పెద్దమ్మా, మా తాతను మడుస్తావా!”

“మీ తాత ఫోటోలు ఇంట్లో ఎన్ని ఉండాయప్పా?” అంది లింగమ్మ.

అంగుళం వెడల్పు టేకు పట్టీ తీసి చూపించాను. రిబేట్, అంటే పట్టీ లోపలి గాడి, పక్కకు పావు అంగుళం చొప్పున బొమ్మను కప్పుతుంది. అక్కడ మరుగయ్యేది బొమ్మలోని గోడ రంగే. మొత్తం యాభై అయిదున్నర. గూట్లో పడుతుంది, ఎవరినీ మడవక్కర్లేదు.

“గోల్డు లేకుంటే పెండ్లి హాలుకు కళ ఏముంటాది?”

“పెండ్లికొచ్చినోళ్లు ఫ్రేము చూస్తారా, బువ్వ చూస్తారా?” అంది లింగమ్మ.

శేఖర్ నవ్వేశాడు. “సన్నదే ఎయ్యి పెద్దమ్మా.”

పటంలో పోయినవాళ్లుంటే పూలదండకని పైన రెండు కొక్కేలు కొట్టడం మా పనిలో అలవాటు. ఫ్రేము బిగించి సుత్తి అందుకున్నాను. లింగమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“వద్దక్కా. పనిలో ఉండాడు. దండ అడ్డమొస్తాది.”

కొట్టలేదు. అప్పటి నుంచి ఎవరు పటం తెచ్చినా, టేపు తీయకముందు అంచుల్లో ఎవరున్నారని అడుగుతాను. కొక్కేల సంగతి కూడా అడిగే కొడతాను.