జవాబు వచ్చేదాకా

మా ప్లీడరమ్మ మొన్న బుధవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే కన్నుమూశారు. తొంభై దాటాయి. లింగంపల్లి నుంచి ఫోను రాగానే ఏడ్చాను. కాసేపటికి ఆవిడింట్లో నేను తినలేకపోయిన ఉప్మా గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ సంగతి చెప్పకపోతే ఆవిడ మీకు అర్థం కారు.

డెబ్బైలలో మాట. ఆవిడ కోస్తా నుంచి వచ్చి లింగంపల్లి స్టేషను దగ్గర, మా పక్కింట్లో కిరాయికి దిగారు. అప్పుడే టైపు నేర్చుకున్న నన్ను పనిలో పెట్టుకున్నారు. మొదటిరోజు "ఉప్మా పెట్టనా అమ్మా?" అన్నారు. ఆకలి దంచేస్తోంది. అయినా మర్యాదొకటి ఏడ్చింది కదా, "వద్దండి" అన్నాను. మన ఇళ్లలో రెండు మూడు వద్దులయ్యాక గదా వడ్డించేది! ఆవిడ "సరే" అని నా ఎదురుగానే హాయిగా తినేశారు. మధ్యాహ్నానికి నాకు కాగితం మీద అక్షరాలు రెండేసి కనిపించాయి.

సాయంత్రం ఉండబట్టలేక అడిగితే, "నువ్వు వద్దన్నావు, నేను నమ్మాను. నమ్మడం తప్పా?" అన్నారు. మర్నాటి నుంచి సిగ్గు విడిచి అడిగి మరీ తిన్నాను. ఆవిడింటికొచ్చిన చుట్టాలు ఎంతమంది అరకడుపుతో వెళ్లారో ఆ దేవుడికే తెలియాలి.

మౌనం అర్ధాంగీకారం అని ఎవరైనా అంటే చాలు, ఆవిడకి ఒళ్లు మండేది. "మిగతా సగం ఎవరిచ్చారండీ? అడిగినవాడే కలిపేసుకున్నాడా?" అనేవారు.

ఒకరోజు రాయదుర్గం నుంచి ఓ అక్క వచ్చింది. అప్పుడక్కడ అద్దాల మేడల్లేవు, అన్నీ బండలే. క్వారీలో రాళ్లు కొట్టేది. అక్కడి మేస్త్రీ ఆమెను బలాత్కరించాడు. ఆ వేళ భయంతో ఆమె గొంతు పెగలలేదు. కేసు కోర్టుదాకా వచ్చింది గానీ, నోరెత్తలేదు కాబట్టి ఇష్టమేనని అవతలి వకీలు వాదన. ఆ రోజుల్లో కోర్టులు కూడా అటే మొగ్గేవి. ఇది నిలవదని సర్కారు వకీలే చేతులెత్తేస్తే, ఆయనకు సాయంగా ప్లీడరమ్మ దిగారు.

కోర్టంటేనే అక్క వణికిపోయేది. అందుకని వరండాలో ఉత్తుత్తి కోర్టు పెట్టాం. ప్లీడరమ్మ నల్లకోటు తిరగేసి తొడుక్కుంటే అవతలి వకీలన్నమాట. "ఏం చెప్పాలో నేను చెప్పనమ్మా. భయం మాత్రం పోగొడతాను" అని ముందే అనేశారు. ఒకసారి ఎంత గట్టిగా గద్దించారంటే, పక్కింట్లోంచి మా అమ్మ అట్లకాడతో ఉరికొచ్చింది. "ఎవడాడు? ఆడపిల్లను గట్ల బెదిరిస్తుండు?" కోటులో ఉన్నదెవరో చూసి నాలిక కరుచుకుంది. అక్క పడీ పడీ నవ్వింది. ఆమె నవ్వగా చూడటం మాకదే మొదలు.

ఆ తర్వాత ఆమె క్వారీ ముచ్చట్లు చెప్పింది. "బండకు మందు పెట్టినంక మూడుసార్లు కేకేస్తరమ్మా. దాక్కున్నోళ్లందరం 'ఓ' అనాలె. ఒక్కరి జవాబు రాకున్నా వత్తి ముట్టియ్యరు."

ప్లీడరమ్మ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. "ఆ కేక వేసేదెవరమ్మా?"

"ఇంకెవరు? గా మేస్త్రీనే."

ఆవిడ గ్లాసు పక్కన పెట్టేశారు. కాఫీ చల్లారిపోయింది.

కోర్టులో ఆ వకీలు అనుకున్నట్టే అడిగాడు, నోరెత్తలేదంటే ఒప్పుకున్నట్టే కదా అని. అక్క బోను కర్ర పట్టుకుని నిలబడింది. "జవాబు రాకుంటే ఆగాలని గాయనకు ఎరుకే సార్. క్వారీల రోజూ ఆగెటోడు. నా కాడ ఎందుకాగలే?"

జడ్జిగారు కలం ఆపి, ఆ మాట మళ్లీ చెప్పమన్నారు. మేస్త్రీకి శిక్ష పడింది. ఆ సాయంత్రం ప్లీడరమ్మ మమ్మల్నెవర్నీ అడక్కుండానే నోళ్లలో జిలేబీలు కుక్కారు. తన నియమం తనే తప్పడం ఆ ఒక్కసారే చూశాను.

చట్టం మార్చమని అర్జీలు పెట్టడం అక్కడే మొదలైంది. "జవాబు రాకపోతే ఆగాలి" అని ఎన్నిసార్లు టైపు చేశానో! కింద క్వారీ ఆడవాళ్ల వేలిముద్రలు. ఏళ్ల తర్వాత చట్టం కొంత మారింది, మేమడిగినంత కాదు. "పోనీలే, మళ్లీ అడుగుదాం" అనేవారు. చివరిదాకా అడుగుతూనే ఉన్నారు. ఆవిడ దగ్గర పనిచేయడం నా అదృష్టం.

గురువారం ఆవిడను తీసుకెళ్తూ దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. మేనల్లుడు చెవి దగ్గర వంగి "అత్తా" అని మూడుసార్లు పిలిచాడు. ఆచారమైపోయిందని మోసేవాళ్లు వంగి పాడె ఎత్తబోయారు. చేతికర్రతో అంతదూరం నడిచొచ్చిన మా రాయదుర్గం అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఆగుండ్రి బిడ్డా. అమ్మ జవాబియ్యలే."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మోసేవాళ్లు చేతులు వెనక్కి తీసుకున్నారు. ఎండలో అందరం ఆగాం.