బావ బిగించిన మరలు

గల్ఫులో పని చేసేచోట పైనుంచి పడి మా బావ పోయాడని తంతి వచ్చింది. అది వచ్చిన కొన్ని వారాలకు ఆయన పెట్టె వచ్చింది. మనిషి రాలేదు. అక్కడే పూడ్చిపెట్టేశామని కంపెనీవాళ్లు కబురు చేశారు. అప్పటికే అక్కనూ మేనకోడలినీ తిరుత్తణి అద్దె ఇంటి నుంచి మణవాళనగర్‌కు, నా దగ్గరికి తెచ్చుకున్నాను. పెట్టె తెచ్చినవాడు బావతో ఒకే గదిలో ఉన్నవాడు, తిరునిన్రవూరు మనిషి. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, కాఫీ చేతిలోనే చల్లారిపోతుంటే, చెప్పవలసిందంతా నేల చూస్తూ చెప్పి వెళ్లిపోయాడు.

పెట్టెలో చొక్కాలు, టార్చిలైటు, దువ్వెన, మేనకోడలికి కొన్న గౌను ఉన్నాయి. అడుగున తువ్వాలులో చుట్టి ఒక కారు ఉంది. రిమోట్‌తో నడిచే కారు. మట్టిలో, గుంతల్లో పోయే రకం. పసుపుపచ్చ ఒళ్లు, వెనక లావుపాటి ముళ్ల చక్రాలు, ఒక్కో చక్రం పక్కన స్కూటరుకు ఉన్నట్టే వేలెడంత షాకబ్జార్బర్. దాన్ని బగ్గీ అంటారట. అంగట్లో కొని అలాగే ఆడుకునేది కాదు, విడి ముక్కలుగా వస్తుంది, కొన్నవాళ్లే బిగించుకోవాలి. ఎవరో ఊరికి పోతూ సగం ముక్కలు విప్పేసిన డబ్బాను అమ్మితే బావ కొన్నాడని, ఎండాకాలమంతా డ్యూటీ దిగి వచ్చి మంచం మీద కూర్చుని ఒక్కో మరా బిగించాడని ఆ మనిషి చెప్పాడు. "నాయనే చేసినాడని నా కూతురు అందరికీ చెప్పుకోవల్ల" అనేవాడట.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా బావ వైరింగ్ పనివాడు. ఫ్యాను తిరగకపోతే చిటికెలో తిప్పేవాడు కానీ, సైకిల్ చైను ఊడితే వీధి చివర దాకా తోసుకుంటూ పోయేవాడు. నేను ఆవడి దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. ఆయన లీవుకు వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ ఇదే పని. "రారా నట్టూ బోల్టూ" అని ఆయన, "ఏం ఫ్యూజు పోయిన బావా" అని నేను. ఫ్యూజు మాట ఆయన బట్టతలను ఉద్దేశించినది. ఆ ఊరి నీళ్లకు జుట్టు రాలిపోతోందని అక్క ప్రతిసారీ మందారాకు, కరివేపాకు, మెంతులు వేసి కొబ్బరినూనె కాచి సీసాలో పోసి ఇచ్చేది. "నాలుగు వెంట్రుకలకు నాలుగు చుక్కలు చాలవా, సీసాడు ఎందుకే" అని నేను అక్కను ఏడిపించేవాణ్ణి. బావ సీసాను పసిబిడ్డలా ఎత్తుకుని పోయేవాడు.

మాలో ఎవరైనా పోతే అయినవాళ్లందరూ ఆ తలకి తలా ఇంత నూనె పెట్టి, స్నానం చేయించి సాగనంపుతారు. బావకు అదీ లేకపోయింది. అత్తిమంజేరిపేట నుంచి ఆయన అన్నదమ్ములు వచ్చి, దర్భలతో బొమ్మ చేసి తిరుత్తణిలో నంది ఏటి ఒడ్డున కర్మ చేద్దామన్నారు. దేహం దొరకనివాళ్లకు అలాగే చేస్తారు. అక్క ఒప్పుకోలేదు.

"మొగం చూడకుండా ఎట్ల చేసేది? పడింది ఆయనేనని ఎవురు చూసినారు?"

"కూడా ఉన్నోడే చెప్పినాడు కదమ్మా," అన్నాడు పెద్దాయన.

"వాడూ కండ్లారా చూడలేదంట. అప్పుడు వేరే చోట డ్యూటీలో ఉన్నాడంట."

వాళ్లు మళ్లీ మళ్లీ వచ్చారు. అక్క బొట్టు తీయలేదు, పూలు మానలేదు. వీధిలో ఆడవాళ్లు చూసీ చూడనట్టు పోయేవారు. నాకు వాళ్ల మీద కోపం వచ్చేది, అక్క మీదా వచ్చేది.

కారు విషయంలో అక్క పెట్టిన షరతు ఒక్కటే. "ఎట్లయినా ఆడుకోండి. ఆయన బిగించినవి మాత్రం ఎవురూ విప్పకూడదు. విప్పాల్సొస్తే ఆయనే వచ్చి విప్పుకుంటాడు."

ఎండలు ఇంకా తగ్గని పురటాసి నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటి వెనక మనకట్లలో, ఇళ్లు లేవని ఖాళీ స్థలాల్లో, కారు మొదటిసారి నడిపాం. తిరుత్తణి గుడి కొండ కింద కొత్త బండికి పెట్టినట్టే అక్క వెనక చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టింది. ఒకటి నలిగింది, రెండోది దొర్లి కాలవలో పడింది. తర్వాత కారు మట్టిగడ్డల మీద ఎగిరింది. పడ్డ ప్రతిసారీ వెనక భాగం మెత్తగా కిందికి దిగి, మెత్తగా పైకి లేచింది. ఫిట్టర్ని కాబట్టి నేను చూసింది అదే. స్ప్రింగు ఎగరేస్తుంటే షాకబ్జార్బర్‌లోని నూనె దాన్ని పట్టి ఆపుతోంది. మేనకోడలు కేకలు పెడుతూ వెంట పరిగెత్తింది. తంతి వచ్చాక అక్క నవ్వడం నేను అప్పుడే చూశాను.

"చూసినావారా, ఎంత బాగా బిగించినాడో! నువ్వేమో ఎగతాళి చేస్తాంటివే."

ఐప్పసి వానల్లో కారు అటక మీద ఉంది. మార్గళి చలికాలంలో బడికి సెలవులిచ్చారు. మేనకోడలు పొద్దున్నే లేచి, మంచు విడవకముందే కారుతో మనకట్లలోకి పోయేది. ఒక పొద్దున ఏడుస్తూ వచ్చింది.

"మామా, నేనేమీ చెయ్యలేదు. కప్ప మాదిరి ఎగురుతా ఎగురుతా పోయి అదే విరిగిపోయింది."

వెనక చక్రాన్ని పట్టుకునే ప్లాస్టిక్ చెయ్యి మధ్యకు విరిగింది. ఆర్మ్ అంటారు దాన్ని. మద్రాసులో రెండు మూడు బొమ్మల అంగళ్లలో అడిగితే, అలాంటి కారే చూడలేదన్నారు. ఫ్యాక్టరీలో పారేసిన అల్యూమినియం ముక్క తెచ్చి ఆకురాయితో రాకి, అదే కొలతకు కొత్త చెయ్యి చేశాను. అదృష్టం బాగుండి దాన్ని మార్చడానికి మరలు విప్పక్కర్లేదు. ఒక సన్న కడ్డీ లాగితే చాలు. షాకబ్జార్బర్ కింది కొస బొత్తాంలా ఊడి, మళ్లీ బొత్తాంలా పడుతుంది. అయినా అక్క పోలీసులా పక్కనే కూర్చుని నా చేతులనే చూసింది.

మధ్యాహ్నం నడిపితే బ్రహ్మాండంగా నడిచింది. ఇక ఏనుగు తొక్కినా విరగదని గొప్పలు పోయాను. మర్నాడు పొద్దున నడిపితే నేను చేసిన చెయ్యి విరగలేదు, దాన్ని పట్టుకున్న గేర్ల పెట్టె చీలింది. మెత్తటి చెయ్యి ఉన్నప్పుడు దెబ్బ దానితోనే పోయేది. నేను గట్టిది పెట్టేసరికి ఆ దెబ్బ లోపలికి పోయింది. ఒళ్లు మండి కారు వెనక భాగాన్ని అరచేత్తో నొక్కాను. దిగలేదు. రాయిలా ఉంది. ఎండ ఎక్కాక ఊరికే మళ్లీ నొక్కితే మెత్తగా దిగింది.

"షాకబ్జార్బర్‌లో ఏదో ఉందక్కా. పైమర విప్పి చూడాల."

"వద్దు."

"చూడకపోతే ఇది ఇంక నడవదు."

"నడవకపోతే పోనీ. ఆయనొచ్చి చూసుకుంటాడు."

కారు మళ్లీ తువ్వాలులోకి పోయింది. దాని గురించి ఇంట్లో మాటే లేదు. ఒక పొద్దున అక్క జడ వేస్తుంటే మేనకోడలు ఉన్నట్టుండి అంది:

"నాయనకు చేసేది తెలీలేదు. అంగట్లో చేసిందే కొనింటే విరగదు గదా."

అక్క చేతిలో జడ ఆగింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. లేచి కారు తెచ్చి నా ముందు పెట్టింది.

"విప్పురా. విప్పి దీనికి చూపించు. ఆయన తప్పు చేసుండడు."

స్క్రూడ్రైవర్ తెచ్చి పైమరకు పెట్టాను. మర చాలా బిగువుగా ఉంది. చేతకానివాళ్లు అలాగే బిగిస్తారు, ఊడిపోతుందేమోనని. బావ చేతి బలం ఇంకా అందులో ఉంది. నేను దాన్ని తీసేస్తున్నాను. మర వచ్చింది. షాకబ్జార్బర్ మూత తిప్పాను. లోపల పల్చటి నూనె ఉండాలి. తెల్లగా, కొంచెం పచ్చగా పేరుకున్న ముద్ద ఉంది. స్నానాలగదిలో సీసాలో కొబ్బరినూనె కూడా ఆ పూట అలాగే పేరుకుని ఉంది.

నాకు అప్పుడు అర్థమైంది. సగం విప్పేసిన డబ్బాలో దీనికి పోయవలసిన నూనె లేకపోయి ఉంటుంది. బావ తన దగ్గరున్న నూనె పోశాడు. ఆ ఎండలకు అది నీళ్లలా ఆడి ఉంటుంది. చలికి గడ్డ కడుతుందని ఆయనకు తెలియలేదు. అక్కడ చలికాలం రాకముందే ఆయన పోయాడు. వైరింగ్ మనిషికి షాకబ్జార్బర్ ఇస్తే ఇంతే, ఫ్యూజు పోయిన బావా, అని నోటి దాకా వచ్చింది. అనిపించుకునే మనిషి లేడు.

మేనకోడలు వంగి వాసన చూసింది.

"అమ్మా, నా జడ వాసన!"

అక్క దాన్ని నా చేతిలోంచి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏడుస్తుందనుకోలేదు, ఇన్నాళ్లూ ఏడవలేదు కనుక.

"సీసా పెట్టెలో లేకపోతే యాడనో పారేసినాడనుకుంటి," అంది. "తలకి పెట్టుకోమంటే, తెచ్చి బిడ్డ కారుకు పోసినాడు."

"తప్పేమీ లేదక్కా. ఆ ఊరి ఎండకు ఇది బాగానే ఆడుంటాది. మన మార్గళే..."

"ఇంకోసారి కాచి పంపేదానికి మనిషి లేడు కదరా," అంది అక్క. అని నేల మీద కూర్చుని, కూతుర్ని ఒళ్లోకి లాక్కుని గట్టిగా ఏడ్చింది. ఆ గోలకు పక్కింటివాళ్లు వచ్చారు. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు. బావ పోయిన ఏడుపు మా ఇంట్లో ఆ పొద్దున పడింది.

నేను రెండో షాకబ్జార్బర్ విప్పబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "దాన్ని అట్లే ఉండనీ. అత్తిమంజేరిపేటోళ్లకు చెప్పు. తిరుత్తణికి పోదాం."

సంక్రాంతి వెళ్లాక తై నెలలో నంది ఏటి ఇసకలో దర్భల బొమ్మను పడుకోబెట్టారు. అన్నదమ్ములు, వదినలు, నేను, అందరం గిన్నెలోని నూనె తీసి బొమ్మ తలకి పెట్టాం. అక్క చివర వచ్చింది. కొంగు ముడి విప్పి, ఆ పొద్దున నేను ఊడదీసిన షాకబ్జార్బర్ నా చేతికిచ్చింది. మూత తీశాను. ఎండకు నూనె కరిగిపోయి ఉంది. అక్క దాన్ని ఆ గడ్డి తల మీద వంచి, వేళ్లతో మెల్లగా రాసింది.

నాలుగు చుక్కలే పడ్డాయి. నాలుగు వెంట్రుకలకు నాలుగు చుక్కలు చాలవా అని ఎన్నిసార్లు అన్నానో. మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చాను.