వాన మాటెత్తని పిలుపు

మా అమ్మాయి సీమంతం ఎడిసన్‌లో మా పెరట్లోనే పెట్టుకున్నాం. తెలుగువాళ్ళకి వాట్సాప్‌లో ఒక ముక్క పడేస్తే చాలు. కానీ దానికి ఏబీసీడీలు నేర్పిన కిండర్‌గార్టెన్ టీచర్ కూడా రావాలని, ఆ పెద్దావిడ తన చేత్తో గాజులు తొడగాలని నా పట్టు. అందుకని ఆవిడకి ఇంగ్లీషులో ఈమెయిల్ రాశాను. ఇక్కడి అమెరికన్ల పద్ధతిలో చివర "క్లైమేట్ పర్మిటింగ్" అని కూడా చేర్చాను.

అమ్మాయి నా భుజం మీదుగా చదివి నవ్వింది.

"అమ్మా, క్లైమేట్ అంటే ఇయర్స్ అండ్ ఇయర్స్ ది. సాటర్డే రెయిన్‌కి వెదర్ అని రాయి."

"మనవాళ్ళందరం క్లైమేట్ బాగుందనే అంటాం. ఎవరికి అర్థం కాలేదు?"

"టీచర్ చదువుతుంది కదా, అమ్మా!"

దిద్దాను. ఓడిపోయానని మాత్రం ఒప్పుకోలేదు.

ఈలోగా మా అత్తగారు వచ్చి, ఆ చివరి మాటకి అర్థమేమిటని అడిగారు.

"వాన పడకపోతే చేస్తామని, అత్తయ్యా."

"శుభమా అని పిలుస్తూ వాన ఊసెందుకు? అపశకునం కాదూ! తీసెయ్."

"అది ఇక్కడి మర్యాద."

"కడుపుతో ఉన్నది మీ మర్యాదా, నా మనవరాలా?"

తీసేసి పంపించాను.

శనివారం వాన దంచి కొట్టింది. మనవాళ్ళు ఆగుతారా? అల్యూమినియం ట్రేలు నెత్తిన అడ్డం పెట్టుకుని మరీ దిగారు. కార్లు బయటికి తీసి, గ్యారేజీలో కుర్చీలు వేసి సీమంతం కానిచ్చాం. టీచర్ మాత్రం రాలేదు. ఆ గోలలో ఫోన్ చేయడానికీ కుదరలేదు. అమ్మాయి వాకిలి వైపు చూసినప్పుడల్లా నేను అత్తగారి వంక చూశాను. ఆవిడ గోడ వంక చూశారు.

ఆదివారం మధ్యాహ్నం నైటీలో నిలబడి పులిహోర గిన్నె తోముతుంటే బెల్ మోగింది. పూల గౌను, చేతిలో గిఫ్ట్ బ్యాగు, ఎదురుగా టీచర్! ఇక్కడి అలవాటు ప్రకారం, వాన పడితే పెరట్లో పార్టీ మర్నాటికి మారుతుందని ఆవిడ నమ్మకం. "నేనే ముందొచ్చేశానా?" అంది.

నేను సారీ చెప్పేలోగా అత్తగారు నన్ను పక్కకి లాగారు. "నోరెత్తకు. పెరట్లో కుర్చీ వెయ్. పిల్లని పట్టుచీర కట్టుకోమను."

ఈసారి ఎండలో జరిగింది సీమంతం. టీచర్ నెమ్మదిగా, ఒక్కటీ చిట్లకుండా గాజులన్నీ తొడిగింది. అత్తగారు ఆవిడకి బొట్టు పెట్టి, నావైపు తిరిగి గొంతు తగ్గించారు.

"వీళ్ళు వానకి రెండో ముహూర్తం పెట్టుకుంటారని ముందే చెప్పి చావొద్దూ? ఆ ముక్క తీయించేదాన్నే కాదుగా!"