షట్టరు కింద దుంగ

అప్పట్లో మా వీధిలో బొగ్గు గని నుంచి రిటైరైన ప్రతి మనిషీ ఇంటి ముందు ఒక షట్టరు గది కట్టించేవాడు. ఎవరైనా దుకాణం పెడతారని, కిరాయి వస్తుందని ఆశ. అందరికీ ఒకే ఆశ పుట్టడం వల్ల వీధి పొడవునా షట్టర్లు మిగిలాయి, దుకాణం పెట్టేవాడు ఒక్కడూ మిగలలేదు. ఈ సంగతి కట్టించక ముందే తోచలేదా అని నాన్నను, మా బాపును, అడిగితే, "అందరు కట్టిచ్చుకున్నంక మనమొక్కలం ఊకుంటే ఏం మంచిగుంటది" అన్నాడు. ఖాళీ గదిని చూసి జనం నవ్వుతారని ఒక పాత కారు కొని అందులో పెట్టాడు. ఆయనకు నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. రోజూ పొద్దున షట్టరు ఎత్తి, కారు తుడిచి, మళ్ళీ షట్టరు దించేవాడు. దీన్ని కారు ఉండడం అనేవారు మా ఇంట్లో.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, ఉద్యోగం రాక ఇంట్లో కూర్చుని, పుస్తకాలు చదువుతూ, చుట్టూ ఉన్నవాళ్ళకు అవి చదివే యోగ్యత లేదని జాలిపడుతూ ఉన్నాను. ఆ తీరికలో డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. ఇంట్లో కారు నడపగల ఒకే ఒక్క మనిషిని నేను. (ఈ విషయం నాకు రోజూ చాలాసార్లు గుర్తొచ్చేది. మిగతావాళ్ళకు ఒక్కసారీ గుర్తొచ్చేది కాదు.)

మా అవ్వకు, అంటే బాపు తల్లికి, ఒక కంట్లో చూపు అప్పటికే పోయింది. రెండో కంటికి శుక్లం ముదిరింది. ఇంకా ఆలస్యం చేస్తే అదీ దక్కదని కరీంనగర్ కంటి దవాఖానలో డాక్టరు గట్టిగా చెప్పాడు. ఒకసారి తేదీ ఇస్తే అవ్వకు కడుపునొప్పి వచ్చింది. ఇంకోసారి ఇస్తే అమావాస్య వచ్చింది. చివరికి మేమంతా మీద పడితే, "నీ అయ్య కారు ఆ అర్రల కెల్లి బయటికి ఎల్లిననాడు నేను దవాఖానకు ఎల్త" అంది. కారు ఎన్నడూ బయటికి రాదని ఆమె నమ్మకం. నేను ఆ మాట పట్టుకున్నాను. మూడో తేదీ తీసుకుని, కారు నేనే నడుపుతానని ప్రకటించాను. అవ్వ తన మాటలో తానే ఇరుక్కుపోయిందని అర్థమైంది.

ఆ రోజు పొద్దున అవ్వ తలంటుకుని, కొత్త చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. నేను తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాను. బాపు షట్టరు సగం ఎత్తాడో లేదో పైన అది చుట్టుకునే డబ్బాలో పెద్ద చప్పుడైంది. షట్టరు ఆయన చేతుల్లోంచి జారి నేలకు కొట్టుకుంది. స్ప్రింగు తెగింది. కారు లోపల, మేము బయట.

"అయితే ఇయ్యాల పోవుడు లేనట్టే గద" అంది అవ్వ. గొంతులోని సంతోషాన్ని దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

చప్పుడు విని వీధి వీధంతా వచ్చింది. మా ఊళ్ళో ఏ యంత్రం చెడినా మనుషులకు కొరత ఉండదు. ప్రతివాడూ డ్యూటీలో దీనికన్నా పెద్దది బాగుచేసినవాడే. ముందు మా బావ వచ్చాడు. అక్క మొగుడు, ఓపెన్‌కాస్టు గని వర్క్‌షాపులో ఫిట్టరు. చేతిలో నా మోచేయంత పొడవున్న పానాలు. "డంపర్లే ఇప్పి బిగిస్తున్నం మరదలా, ఇదెంత" అని నిచ్చెన ఎక్కాడు. పైన ఉన్న బోల్టులన్నిటికన్నా ఆయన పానాలే పెద్దవి. దిగివచ్చి, "తెగిన కాడ వెల్డింగు పెడితే అయిపాయె" అన్నాడు. స్ప్రింగుకు వెల్డింగ్ ఆగదని నేను చెప్పాను. ఎందుకు ఆగదో కూడా చెప్పాను, సూత్రంతో సహా. అందరూ మర్యాదగా విన్నారు. పెళ్ళిలో పంతులు మంత్రం చదువుతుంటే వింటారు చూడండి, అలా. తర్వాత, నేను ఏమీ అననట్టు, వెల్డింగ్ మెషిను ఎవరింట్లో ఉందో మాట్లాడుకున్నారు.

షట్టర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేస్తే ఎల్లుండి వస్తానన్నాడు. అవ్వ ఈ మాట విని చెప్పులు విడిచింది.

ఇక చేతులతోనే ఎత్తాలని తేల్చారు. ఇక్కడ బాపు ముందుకు వచ్చాడు. ఆయన గనిలో చేసిన పని అదే. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. అమ్మ సొరకాయ పందిరికి పాతిన దుంగలు రెండు పీకాడు. పందిరి ఒక పక్కకు కూలింది. అమ్మ కాయలు ఏరి ఒక్కొక్కటీ గంపలో ఎత్తి వేసింది. ఆ చప్పుడులో ఏముందో బాపుకు తప్ప అందరికీ తెలిసింది. నలుగురు మగవాళ్ళు షట్టరు ఎత్తి పట్టుకున్నారు. బాపు ఆ చివర ఒక దుంగ, ఈ చివర ఒక దుంగ నిలబెట్టి, పైన చెక్క ముక్క దూర్చి సుత్తితో బిగించాడు. మధ్యలో కారు పోయేంత దారి. నిజానికి పని అక్కడితో అయిపోయింది. మా ఊళ్ళో పని అయిపోతే ఎవరికీ నచ్చదు.

సర్దార్ కాక అప్పుడే వచ్చాడు. పక్కింటాయన. గనిలో ప్రతి షిఫ్టుకూ ముందు పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, మనుషులను లోపలికి వదిలే సర్దార్ ఉద్యోగం చేసినవాడు. గట్టి చప్పుడు వస్తే కప్పు మంచిది, డొల్ల చప్పుడు వస్తే కూలేది. ఆయన తన చేతికర్రతో మా షట్టరును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తట్టాడు. అది రేకు. రేకును ఎక్కడ తట్టినా డొల్ల చప్పుడే వస్తుంది.

"మంచిగ లేదు తమ్మీ. మొత్తం డొల్ల కొడుతుంది" అన్నాడు కాక.

బాపు ముఖం మారింది. "రెండిటి నడుమ దూరం ఎక్కువైంది" అని, పందిరి మూడో దుంగ పీకి తెచ్చి, సరిగ్గా మధ్యలో నిలబెట్టి బిగించాడు. కాక మళ్ళీ తట్టి చూసి, "ఇగ ఫికర్ లేదు" అన్నాడు. నలుగురూ చేతులు దులుపుకున్నారు. షట్టరు చక్కగా నిలబడింది. దాని మధ్యలో, కారు ముక్కుకు ఎదురుగా, దుంగ కూడా చక్కగా నిలబడింది.

అందరూ ఒకసారి దుంగను, ఒకసారి కారును చూశారు. అమ్మే అంది, "ఇంట్ల కారు తీసెటందుకే గిట్ల ఆగమైతున్రు. బొగ్గు ఎట్ల తీసిన్రయ్యా మీరు."

బావ నవ్వి సుత్తి అందుకున్నాడు. "నడిమిది తీసేద్దాం మామా. కారు ఎల్లినంక మల్ల పెట్టుకో."

"తియ్యకు" అన్నాడు బాపు.

"అది బొగ్గు కాదు మామా, రేకు."

"ఏదైతేంది. నెత్తి మీద ఉన్నదేదైనా పడుతది. పిల్ల దాని కింద కెల్లే పోవాలె గద."

బావ మళ్ళీ నవ్వబోయి ఆగాడు. కాక కర్ర వైపు చూసుకున్నాడు. మా చిన్నబాపు, బాపు తమ్ముడు, నేను పుట్టకముందు గనిలో కప్పు కూలి చనిపోయాడు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. అక్కడ ఇంకొక్క దుంగ ఉంటే ఆగేదని బాపు ఎప్పుడో ఒక్కసారి అన్నాడు, అంతే. ఆ పొద్దున బాపు మధ్య దుంగ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తియ్యలేడు, తియ్యనివ్వలేడు. తల్లి కన్ను పోతుందనీ తెలుసు. నాకు ఆ రోజు ఇవేవీ పట్టలేదు. నా మొదటి ప్రయాణం ఒక సొరకాయ దుంగ వల్ల ఆగిపోయిందని ఒళ్ళు మండుతోంది.

అరుగు మీద నుంచి అవ్వ లేచింది. విడిచిన చెప్పులు కాలితో వెతుక్కుని తొడుక్కుంది.

"వాన్ని గుంజకుండ్రి. వాడు నిలవెట్టిండు, ఉండనియ్యిండ్రి" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నడువు బిడ్డా. బస్సుకు పోదాం" అంది.

కారు బయటికి రాకపోతే దవాఖానకు రానన్న మనిషి, కారు లోపలే ఉండగా గేటు దాటింది. బాపు దుంగ మీద నుంచి చెయ్యి తీయకుండానే ఆమె వెళ్ళేవైపు చూశాడు. మేము షేర్ ఆటోలో బస్టాండుకు, అక్కడి నుంచి బస్సులో కరీంనగర్‌కు వెళ్ళాం. కారు తాళంచెవి ఇంట్లో పెట్టడం మరిచి దారంతా గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. ఊరు దాటాక అవ్వ నా చెయ్యి తడిమి, "కోపం జెయ్యకు. ఒక తీరుగ మంచిగనే అయింది. నువ్వు నడుపుతవంటె నిన్నటి సంది నాకు బుక్కెడు బువ్వ దిగలే" అంది. (నా డ్రైవింగ్ గురించి అంత నిజాయితీగా ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.)

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక, నాలుగో రోజున ఇంటికి వచ్చాం. షట్టరు అలాగే ఉంది, మూడు దుంగలూ అలాగే ఉన్నాయి. ఎల్లుండి వస్తానన్న షట్టర్ల మనిషి ఇంకా రాలేదు. బాపు గేటు దగ్గర ఎదురుచూస్తున్నాడు. అవ్వ ఆయన ముఖం వైపు చాలాసేపు చూసింది. తర్వాత నల్లద్దాలు సర్దుకుని షట్టరు వైపు చూసింది.

"ఏందిరా కొడుకా, నడిమి దుంగ వంకర వెట్టినవు" అంది.

బాపు వెళ్ళి చూశాడు. నిజంగానే కొంచెం వంకర. జీవితమంతా దుంగలు నిలబెట్టిన మనిషికి అంతకన్నా అవమానం లేదు. అయినా దాన్ని సరిచేయకుండా లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

తర్వాతి వారం కొత్త స్ప్రింగు వేశారు. అయినా నేను కారు తీసిన ప్రతిసారీ బాపు మూల నుంచి ఆ దుంగ తెచ్చి, షట్టరు కింద ఒక పక్కగా నిలబెట్టి, కారు దాటేదాకా దాన్ని పట్టుకుని నిలబడేవాడు. "కొత్త స్ప్రింగే గద బాపూ" అనేదాన్ని. "కొత్తదే" అనేవాడు, కదిలేవాడు కాదు. ఇన్నేళ్ళలో ఆ మాట అనకుండా కారు తీసిన రోజు నాకు గుర్తులేదు. అవ్వ ముందే పోయింది. ఈ ఎండాకాలం బాపు కూడా పోయాడు.

దినాలు అయ్యాక మొన్న మొదటిసారి కారు తీయబోయాను. షట్టరు తేలికగా పైకి వెళ్ళింది, నిలబడింది. ఇంజను స్టార్ట్ చేశాను. కాసేపు అలాగే కూర్చుని, ఇంజను ఆపి, దిగి, మూలనున్న దుంగ తెచ్చి పక్కగా నిలబెట్టాను. వంకర ఉందేమోనని వెనక్కి వెళ్ళి చూసి, సరిచేసి, అప్పుడు కారు బయటికి తీశాను. తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని బస్సులో మొహం మాడ్చుకు కూర్చున్న ఆ డిప్లొమా పిల్ల చూస్తే ఎంత నవ్వేదో నాకు తెలుసు. నవ్వుకోనీ. అప్పటికి దానికి కారు నడపడం ఒక్కటే వచ్చు.