తూకం వేసి సూది గుచ్చే రూతక్క

హన్మకొండ సుబేదారిలో నా సెల్‌ఫోన్ రిపేరు షాపు పైన రూతక్క పళ్ల దవాఖాన ఉంది. బోర్డు మీద డాక్టర్ రూతు అని ఉంటుంది. నాకు అక్క. సొంత అక్కయితే ఇన్ని తిట్లు పడేవాణ్ని కాదు.

అక్క దగ్గర పన్ను పీకించుకోవాలంటే నోరు తెరిచే ముందు చెప్పులు విప్పి తూకం మిషన్ ఎక్కాలి. మొద్దుబారే మందు ఎవరికి ఎంతవరకు ఇవ్వొచ్చో మనిషి బరువును బట్టి లెక్క. ముసలివాళ్లకు, గుండె, లివర్ బాగాలేనివాళ్లకు ఆ లెక్క ఇంకా తగ్గిస్తుంది. ఒకసారి ఆ మిషన్ మీద "ఇచ్చట మిర్చి కొనబడును" అని కాగితం అంటించాను. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన రైతొకాయన అది చదివి, ఏ రకం కొంటారని అడిగాడు. అక్క ఆయన్నే తూచి, పన్ను పీకి పంపించింది.

సూది వేసేటప్పుడు అక్కకు ఎక్కడలేని నిదానం వస్తుంది. గుచ్చాక ముందు కొంచెం వెనక్కి లాగుతుంది. రక్తం రాలేదంటే సూది నరంలోకి పోలేదని. అప్పుడు మెల్లమెల్లగా ఎక్కిస్తుంది. అల్మారాలో పాలలా తెల్లగా ఒక సీసా ఉంటుంది. మందు ఎక్కువై ఫిట్స్ వచ్చినా, గుండె తడబడినా నరంలోకి ఎక్కించే కొవ్వు మందు అది. ఇంతవరకు దాని అవసరం పడలేదు, అయినా గడువు తీరగానే కొత్తది తెస్తుంది. పెరుగు తోడేద్దామా అని అడిగితే ఒక్క చూపు చూసింది. నేను కిందికి దిగిపోయాను.

మొన్న ఎండాకాలంలో బాగుచేసిన అక్క ఫోన్ ఇద్దామని పైకి వెళ్తే అక్కడ లొల్లి. పాలంపేట నుంచి సదానందం అనే ఆయన వాళ్లమ్మ భద్రమ్మను తీసుకొచ్చాడు. ఇంట్లో పెళ్లుంది, కదిలే పళ్లన్నీ ఈరోజే పీకేయాలంటాడు. మావైపు అందరూ అంతే. జీపు మాట్లాడుకుని హన్మకొండకు వస్తే పళ్లు, కళ్లద్దాలు, పెళ్లి బట్టలు అన్నీ ఒక్క దెబ్బకు అయిపోవాలి. భద్రమ్మ చూస్తే బడిపిల్లంత బరువు కూడా లేదు. ఇవాళ రెండు పళ్లే, మిగతావి తర్వాత అని అక్క, కుదరదని ఆయన.

ఈ లొల్లి మధ్యలో టీ వచ్చింది. భద్రమ్మ ఒక గుక్క తాగింది. టీ మూతి ఎడమ పక్క నుంచి కారి చీర మీద పడుతోంది, ఆమెకు మాత్రం తెలియడం లేదు. అక్క గ్లాసు తీసి పక్కన పెట్టి, ఆమె పెదవిని వేలితో తట్టింది.

"అమ్మా, పొద్దున సూది యాడ ఏయించుకున్నవ్?"

ఎక్కడా లేదని సదానందం అందుకున్నాడు. భద్రమ్మ కొడుకు వైపు చూడలేదు.

"ఊర్లె బిడ్డా. జీపుల నొప్పి లెవ్వద్దని మావోడే ఏపిచ్చిండు. చెప్తే నువ్వు ఎల్లగొడ్తవని చెప్పద్దన్నడు."

అక్క ఆ సూది వేసినాయనకు ఫోన్ చేసింది. మందు పేరు చెప్పాడు కానీ ఎంత ఎక్కించాడో ఆయనకే తెలియదు, నొప్పి తగ్గేదాకా వేశానన్నాడు. అయితే ఈరోజు ఒక్క పన్ను కూడా ముట్టనని అక్క తేల్చేసింది. చౌరస్తాలో ఇంకో దవాఖాన ఉంది, అక్కడ పీకుతారని సదానందం తల్లి చెయ్యి పట్టి లేపాడు. అక్క పోయి తలుపుకు అడ్డంగా నిలబడింది. అక్క నా భుజం దాకా కూడా రాదు. సదానందం నాకంటే పొడుగు.

"పొద్దుటి మందు ఇంక ఆమె ఒంట్లనే ఉన్నదే అన్నా. దానిమీద మల్ల ఏస్తె చెవులు గుయ్యిమంటయి, ఫిట్స్ వస్తయి, గుండె ఆగినా ఆగుతది. నువ్వు పోతె పో. అమ్మ పోదు."

"ఆపనీకి నువ్వెవలు? ఆమె మా అమ్మ."

"గందుకే చెప్తాన్న."

అక్క అక్కడే నిలబడి చౌరస్తా దవాఖానకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి సంగతంతా చెప్పింది. వాళ్లూ ఈరోజు వద్దన్నారు. అయినా సదానందం చెయ్యి వదల్లేదు, వరంగల్‌లో ఇంకా వెయ్యి దవాఖానలున్నాయన్నాడు. భద్రమ్మే చెయ్యి గుంజుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

"నువ్వు పోయి బట్టలు కొనుక్కరాపో. నేనీడ్నే కూసుంట. కదిలే పండ్లతోనన్న పెండ్లి బువ్వ తింట. సచ్చినంక తింటనా?"

అక్క ఆమె వేలికి పల్స్ చూసే క్లిప్పు పెట్టి పక్కనే కూర్చుంది. చెవుల్లో ఏమన్నా మోగుతోందా, కళ్లు తిరుగుతున్నాయా అని అడుగుతూనే ఉంది. మధ్యాహ్నం దాటాక భద్రమ్మ పెదవికి మొద్దు వదిలింది. మెట్లు తనే దిగి జీపెక్కింది.

సదానందం మాత్రం నా షాపుకొచ్చాడు. గూగుల్‌లో దవాఖాన పేరు చెడగొట్టాలట, తనకు టైపు చేయరాదట. ఆయన ఫోన్‌లోనే, ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టాను: "ఈడ అడిగినంత సూది ఎయ్యరు. ఊర్లె ఏసుకొచ్చిన సంగతి పట్టుకుంటరు. ఎంత లొల్లి పెట్టినా ఇనరు." ఒకటే స్టార్. చదివి వినిపిస్తే, బాగా కొట్టినవ్ తమ్మీ అని భుజం తట్టి పోయాడు.

నా ఫోన్‌లో ఆ రివ్యూ తెరిచి పైకెళ్లాను. గూగుల్‌కు కంప్లైంట్ పెట్టి దీన్ని తీయించాలా అని అడిగాను. అక్క రెండుసార్లు చదివింది.

"ఇందుల అబద్ధమేమున్నదిరా? ఉండనీ."