పసుపు రాసిన మేకపోతు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అరకు దగ్గర ఒక కొండపల్లెలో ఆరు మేకల మీద నా రీసెర్చి. దొడ్డి పైన వాసానికి వీడియో కెమెరా కట్టి, ముసురు పట్టి మేకలు బయటికి వెళ్లని పగళ్లన్నీ తీసేవాణ్ణి. అరకులో నా అద్దెగదికి వచ్చి ఆ టేపు కంప్యూటర్‌కి ఎక్కిస్తే, అది ఒక్కో మేక వెంట ఒక్కో రంగు గీత గీసుకుంటూ పోయేది. మొదటిసారి చూసినప్పుడు టేపు వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నాయనుకున్న మేకలు! ఏది ఎవరి పక్కన పడుకుంటుందో, ఏది ఎవరికి దారి ఇస్తుందో అంతా తెర మీద ముగ్గులా తేలింది.

చిక్కల్లా రెండు నల్ల పోతులతోనే. అవి ఒకదాన్నొకటి రాసుకుంటే చాలు, కంప్యూటర్ దీని గీత దానికి అంటగట్టేసేది. నెల రోజుల పని గంగలో కలిసింది. నాకు తిక్కరేగి, ఒకనాడు పొద్దున్నే ఒక పోతు వీపు మీద గుప్పెడు పసుపు రాసేశాను. ఎవరినీ అడగలేదు. చదువుకున్నవాణ్ణి కదా!

మేకలు పెంచే ఆమెని నేను అక్కా అని పిలిచేవాణ్ణి. చూసి గుండె పట్టుకుంది.

“ఏటి సేసినావు బాబూ! పసుపెట్టినాక అది అమ్మోరిదైపోద్ది. దీని తల్లి సచ్చిపోతే నా సేత్తో గంజి పట్టి పెంచినాను బాబూ!”

కడిగేస్తానన్నాను. కడిగితే పోయేది కాదట. ఊరి పూజారి వచ్చి పోతు ముందు గుప్పెడు బియ్యం పోశాడు. తింటే దేవత ఒప్పుకున్నట్టు, మొహం తిప్పుకుంటే వదిలేసినట్టు. ముందే తెలిసుంటే దాన్ని కడుపు పగిలేలా మేపి ఉండేవాణ్ణి. అక్క కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అది ఒక్క గింజ మిగల్చకుండా తినేసింది.

దాన్ని అమ్మోరికి బలిచ్చే పండగనాడు నేను ఆ ఊరు వెళ్లలేదు. ధైర్యం చాలలేదు, అంతే.

ఆ తర్వాత తీసిన టేపుల్లో ఐదే గీతలు. తికమకపెట్టే జోడీ లేదు కాబట్టి కంప్యూటర్ ఎక్కడా తడబడలేదు. కానీ గుంజ పక్కన మేకంత జాగా ఖాళీగా ఉండిపోయింది. దొడ్డి చూస్తే ఇరుకు. అయినా ఐదు గీతలూ అక్కడిదాకా వచ్చి, చుట్టు తిరిగి పోతున్నాయి. ఆ పోతు పడుకునే చోటు అది. మూడు రోజుల టేపులూ చూశాను, ఒక్క గీత కూడా అందులో అడుగు పెట్టలేదు. అది దుఃఖమో భయమో, పేరు పెట్టడం నాకు చేతకాదు. అంత పెద్ద సంగతి మేకల దొడ్డిలో ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

సంతకి వచ్చిన అక్కని గదికి పిలిచి చూపించాను. ఏ గీత ఏ మేకదో చెప్పాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత తెర మీది ఆ ఖాళీని అరచేత్తో మెల్లగా నిమిరింది.

“ఇక్కడే తొంగునేవోడు, నా గుంటడు,” అంది.

ఆమెని క్షమించమని అడగాలని అప్పటికి గాని నాకు తోచలేదు.